ఛార్జింగ్ ఎక్కని ల్యాప్‌టాప్: వద్దంటున్నది ఎవరు?

ల్యాప్‌టాప్ ఛార్జింగ్ ఎక్కట్లేదనగానే దుకాణంలో వినిపించే మొదటి మాట ‘బ్యాటరీ పోయింది’. మార్చి చూస్తారు. ఎక్కితే సరి, ఎక్కకపోతే ‘బోర్డు పోయింది’ అంటారు. పెద్ద ఊళ్లో ఈ పద్ధతికి పోయేది డబ్బే. మహారాష్ట్ర సరిహద్దు ఊళ్లైన సిరోంచలోనో, రాజురాలోనో, కిన్వట్‌లోనో అయితే దాంతోపాటు రోజులు కూడా పోతాయి. సిరోంచ వాళ్లు గోదావరి వంతెన దాటి కాళేశ్వరం మీదుగా వరంగల్ వెళ్లాలి, బల్లార్షా వాళ్లు రైలెక్కి నాగపూర్ వెళ్లాలి, ధర్మాబాద్ వాళ్లకు నిజామాబాద్ దిక్కు. ఆప్లే సర్కార్ (మహారాష్ట్ర ప్రభుత్వ) సేవా కేంద్రంలో ఉన్న ఒక్క ల్యాప్‌టాప్ మొరాయిస్తే సాత్‌బారా అనే భూమి కాగితం కోసం వచ్చినవాళ్లంతా వెనక్కి పోవాల్సిందే. కాబట్టి ప్రయాణం కట్టే ముందు, బ్యాటరీ కొనే ముందు, ఇంట్లోనే తేల్చుకోగలిగింది చాలా ఉంది.

ముందు ఒక సంగతి తెలియాలి. ల్యాప్‌టాప్ ఛార్జింగ్ కుళాయి కింద బిందె పెట్టినట్టు జరిగే పని కాదు. పంచాయతీలో నలుగురూ ఒప్పుకుంటేనే తీర్మానం అయినట్టు, ఇక్కడా నలుగురు ఒప్పుకోవాలి. అడాప్టర్ సరైన వోల్టేజీ ఇవ్వాలి. పిన్నూ సాకెట్టూ ఆ కరెంటును నష్టం లేకుండా లోపలికి చేర్చాలి. మదర్‌బోర్డు మీది ఛార్జింగ్ చిప్పు, దాన్ని నడిపే ఎంబెడెడ్ కంట్రోలర్ ‘సరే, ఎక్కించు’ అనాలి. చివరగా బ్యాటరీ ప్యాకులోనే ఉండే చిన్న బోర్డు తన సెల్స్ వేడినీ వోల్టేజీనీ చూసుకుని తలుపు తీయాలి. ఈ నలుగురిలో ఎవరు కాదన్నా తెర మీద కనిపించేది ఒకే ముక్క: ‘ప్లగ్డ్ ఇన్, నాట్ ఛార్జింగ్’. కాదన్నది ఎవరో పట్టుకోవడమే అసలు పని. మొదటే అనుమానించాల్సింది బ్యాటరీని కాదు.

అన్నిటికన్నా ముందు పైసా ఖర్చులేని పరీక్ష ఒకటుంది. ల్యాప్‌టాప్‌ను పూర్తిగా షట్‌డౌన్ చేసి, అడాప్టర్ పెట్టి, అరగంట వదిలేయాలి. స్లీప్‌లో పెడితే లెక్కలోకి రాదు. ఆపి ఉన్నప్పుడు ఎక్కుతూ, నడిచేటప్పుడు ఎక్కకపోతే బ్యాటరీ, ఛార్జింగ్ చిప్పు రెండూ పనిచేస్తున్నట్టే. తప్పు అడాప్టర్ బలంలోనో, వేడిలోనో, సాఫ్ట్‌వేర్ సెట్టింగులోనో ఉంటుంది. ఆపి ఉన్నా ఎక్కకపోతే ఆన్ చేయగానే ఎఫ్2 నొక్కి (హెచ్‌పీలో ఎఫ్10) బయోస్‌లోకి, అంటే విండోస్ కన్నా ముందు తెరుచుకునే సెట్టింగుల్లోకి, వెళ్లాలి. చాలా మోడళ్లలో అక్కడ బ్యాటరీ స్థితి కనిపిస్తుంది, డెల్ వాటిలో అడాప్టర్ ఎన్ని వాట్లదో కూడా చూపిస్తుంది. విండోస్ జోక్యం లేని చోటు కాబట్టి బయోస్ చెప్పిన మాటకు విలువెక్కువ.

ఇంకో అపోహ కూడా ఇక్కడే తీరిపోవాలి. 60 శాతం దగ్గరో 80 దగ్గరో ఆగిపోయి ఎంతసేపైనా పైకి కదలని ల్యాప్‌టాప్ చెడిపోయిందని కాదు. బ్యాటరీ ఆయుష్షు కోసం కంపెనీలే ఆ హద్దు పెడతాయి. లెనోవో వాంటేజ్ యాప్‌లో దీని పేరు కన్జర్వేషన్ మోడ్. పాత మోడళ్లలో అది 60 శాతం దగ్గర, కొత్తవాటిలో 80 దగ్గర ఆపుతుంది. ఆసుస్ వారి మైఆసుస్ యాప్‌లో బ్యాటరీ హెల్త్ ఛార్జింగ్ కింద 60, 80, 100 అని మూడు మెట్లుంటాయి. హెచ్‌పీ ఆఫీసు మోడళ్లలో బయోస్‌లోనే బ్యాటరీ హెల్త్ మేనేజర్ అని ఉంటుంది. డెల్, ఏసర్‌లకు కూడా తమ తమ యాప్‌లున్నాయి. అలాగే 95 పైన ఉన్నప్పుడు పిన్ను తీసి వెంటనే పెడితే కొన్ని ల్యాప్‌టాప్‌లు ఛార్జింగ్ మొదలే పెట్టవు. కాస్త దిగాకే అందుకుంటాయి. ఇది రోగం కాదు, లక్షణమూ కాదు.

అడాప్టర్ సంగతి

అడాప్టర్ వెనక చీటీ మీద రెండు లెక్కలుంటాయి, ఇన్‌పుట్, అవుట్‌పుట్. ఇన్‌పుట్ దగ్గర 100 నుంచి 240 వోల్టులు అని ఉంటుంది. అంటే వేసవి సాయంత్రాల్లో ఊళ్లో వోల్టేజీ 160కి పడిపోయినా అడాప్టర్ తన పని తాను చేస్తుంది. ‘లో వోల్టేజీ వల్ల ఎక్కట్లేదు’ అన్నది ఫ్యాన్లకూ కూలర్లకూ సరిపోయే మాటే గానీ ల్యాప్‌టాప్‌కు సాధారణంగా వర్తించదు. (చంద్రపూర్ పక్కనే 2,920 మెగావాట్ల థర్మల్ కేంద్రం పెట్టుకుని లో వోల్టేజీ గురించి మాట్లాడుకోవడం వేరే సంగతి.)

అడాప్టర్‌ను చంపేది తక్కువ వోల్టేజీ కాదు, ఎక్కువ వోల్టేజీ. గాలివానకు త్రీఫేజు లైన్లో న్యూట్రల్ తీగ తెగితే కొన్ని ఇళ్లలోకి 230 బదులు 300 దాటి వస్తుంది. అడాప్టర్ లోపల కరెంటును డీసీగా మార్చి నిలవ ఉంచే పెద్ద కెపాసిటర్ సాధారణంగా 400 వోల్టులది. 230 ఏసీ వస్తే దాని మీద పడేది సుమారు 325 డీసీ. అదే 300 ఏసీ వస్తే 424 అవుతుంది. కెపాసిటర్ ఉబ్బి పేలుతుంది, వాసన వస్తుంది, అడాప్టర్ లైటు ఆరిపోతుంది. బల్బులు ఒక్కసారిగా మిలమిలా మెరిసిన రోజు తర్వాత ల్యాప్‌టాప్ ఎక్కకపోతే మొదట చూడాల్సింది అడాప్టర్‌నే. మృగశిర ముందు ఉరుములు మొదలయ్యాక పని లేనప్పుడు ప్లగ్గు గోడలోంచి పీకేయడమే మేలు. స్విచ్ ఆపినంత మాత్రాన పిడుగుపాటు తీగలోకి రాకుండా ఆగదు.

అవుట్‌పుట్ దగ్గర ఉన్న వోల్టులు ల్యాప్‌టాప్ అడిగినదానికి సరిపోవాలి. ఆంపియర్లు సమానంగానో ఎక్కువగానో ఉండాలి, తక్కువ ఉండకూడదు. 65 వాట్ల డెల్ అడాప్టర్ అంటే 19.5 వోల్టులు, 3.34 ఆంపియర్లు. అదే కంపెనీ 45 వాట్లది 2.31 ఆంపియర్లే ఇస్తుంది. రెండింటికీ ఒకే పిన్ను ఉంటే హాస్టల్లో తారుమారైపోతాయి. 65 అడిగే యంత్రానికి 45 పెడితే, నడవడానికే 25, 30 వాట్లు పోగా బ్యాటరీకి మిగిలేది కొంచెమే. బరువైన పని పెడితే అదీ మిగలదు, పిన్ను పెట్టి ఉండగానే శాతం దిగిపోతుంది.

డెల్, హెచ్‌పీ అడాప్టర్లలో ఇంకో మెలిక ఉంది. పిన్ను నడిమధ్యన సూదిలాంటి మూడో కొన ఉంటుంది. దాని ద్వారా అడాప్టర్ తానెన్ని వాట్లదో ల్యాప్‌టాప్‌కు చెప్పుకుంటుంది. ఆ కొన వంగినా, దానికి వెళ్లే సన్నటి తీగ లోపల తెగినా ల్యాప్‌టాప్ నడుస్తుంది గానీ బ్యాటరీ ఎక్కదు. డెల్ అయితే ఆన్ చేయగానే అడాప్టర్ రకం తెలియడం లేదని సందేశం ఇస్తుంది. ప్రాసెసర్ వేగాన్ని కూడా తగ్గించేస్తుంది కాబట్టి యంత్రం నత్తనడక నడుస్తుంది. ‘ఛార్జింగ్ ఎక్కట్లేదు, స్లో కూడా అయిపోయింది’ అని రెండు ఫిర్యాదులు కలిసి వస్తే ముందు అనుమానించాల్సింది ఈ తీగనే. తీగ ఎక్కువగా తెగేది పిన్ను దగ్గర రెండు అంగుళాల లోపే. అడాప్టర్ చుట్టూ వైరును బిగించి చుట్టే అలవాటుంటే అటు చివర కూడా తెగుతుంది.

మల్టీమీటర్ ఉంటే కొలవడం తేలికే. డీసీ వైపు పెట్టాలి. రేంజి 20 కాదు, 200 పెట్టుకోవాలి, ఎందుకంటే లెనోవో అడాప్టర్లు 20 వోల్టులవి, చిన్న రేంజిలో హద్దు దాటి ‘1’ అని చూపిస్తే మీటర్ పాడైందనుకుంటారు. నల్ల ప్రోబు పిన్ను బయటి రేకుకు, ఎర్రది లోపలి గొట్టానికి తాకించాలి. మధ్య సూదికి కాదు. చీటీ మీద ఉన్న వోల్టేజీకి అయిదు శాతం అటూ ఇటూ ఉంటే బాగున్నట్టు. అయితే ఇది లోడు లేని కొలత. లోపల కెపాసిటర్లు ఎండిపోయిన పాత అడాప్టర్ ఖాళీగా 19.5 చూపించి, ల్యాప్‌టాప్‌కు పెట్టగానే కుప్పకూలుతుంది. అందుకే అదే వాట్ల ఇంకో అడాప్టర్‌తో పెట్టి చూడటాన్ని మించిన పరీక్ష లేదు. పిన్ను పెట్టిన మరుక్షణం అడాప్టర్ లైటు ఆరిపోయి, తీసి రెండు నిమిషాలాగాక మళ్లీ వెలిగితే, అదే వాట్ల ఇంకో అడాప్టర్‌తోనూ అలాగే జరిగితే, ల్యాప్‌టాప్ లోపలే షార్టు ఉన్నట్టు. ఇక మళ్లీ మళ్లీ పెట్టి చూడకూడదు.

టైప్-సీ పిన్నుతో ఎక్కే ల్యాప్‌టాప్‌లకు ఈ మల్టీమీటర్ పరీక్ష పనికిరాదు. అక్కడ ఛార్జరు, యంత్రం ముందు మాట్లాడుకుని, 5, 9, 15, 20 వోల్టుల్లో ఒకటి ఖాయం చేసుకున్నాకే కరెంటు వస్తుంది. ఫోన్ ఛార్జరు మీద 67 వాట్లు అని ఉన్నా అది ఆ కంపెనీ ఫోన్లకు మాత్రమే ఇచ్చే లెక్క కావచ్చు. ల్యాప్‌టాప్‌కు కావలసింది పవర్ డెలివరీ పద్ధతిలో 20 వోల్టులు, చాలా మోడళ్లకు కనీసం 45 వాట్లు. కేబుల్ కూడా చూసుకోవాలి. మామూలు టైప్-సీ కేబుల్ 3 ఆంపియర్లకే హద్దు, అంటే 20 వోల్టుల దగ్గర 60 వాట్లు. అంతకు మించి కావాలంటే లోపల గుర్తింపు చిప్పున్న 5 ఆంపియర్ల కేబుల్ ఉండాలి. టైప్-సీ సాకెట్లు రెండు ఉంటే రెండూ ఛార్జింగ్ తీసుకోవాలన్న నియమం లేదు. పక్కన ప్లగ్గు బొమ్మ ఉన్నది వెతకాలి.

సాకెట్టు, దుమ్ము, కూలర్ నీళ్లు

పిన్నును అటూ ఇటూ కదిపితే ఎక్కడం, ఆగడం జరిగితే సాకెట్టు వదులైనట్టు. గుండ్రటి పిన్ను ఉన్న ఎన్నో మోడళ్లలో సాకెట్టు చిన్న వైరుతో బోర్డుకు తగిలించి ఉంటుంది. దాన్ని మార్చడం అరగంట పని, వస్తువు ఖరీదూ తక్కువే. బోర్డు మీదే సోల్డరింగ్ చేసి ఉంటే చేయి తిరిగినవాడు కావాలి. టైప్-సీ అయితే దాదాపు ఎప్పుడూ బోర్డు మీదే. ముందు టార్చి వేసి లోపలికి చూడాలి. జేబు నూగు, దుమ్ము అడుగున అట్టకట్టుకుని పిన్ను చివరిదాకా వెళ్లకుండా అడ్డుపడటం మామూలే. ల్యాప్‌టాప్ ఆపి, చెక్క పళ్లపుల్లతో మెల్లగా బయటికి లాగాలి. సూది, పిన్నీసు పెట్టకూడదు.

బొగ్గు గనుల పక్క ఊళ్లలో, బల్లార్షా, రాజురా, ఘుగ్గుస్ వైపు, ఈ దుమ్ము మరీ సన్నగా ఉండి ఫ్యాను రెక్కల్లో, వేడిని బయటికి పంపే హీట్‌సింకు సందుల్లో నల్లటి పొరలా పేరుకుంటుంది. దాని ఫలితం సాకెట్టు కన్నా వేడి మీద ఎక్కువ. కూలర్ మాత్రం సాకెట్టుకే శత్రువు. విదర్భలో వేసవి అంటే గడ్డి పలకల కూలరే. దాని ఎదురుగా బల్ల వేసుకుని ల్యాప్‌టాప్ పెడితే గాలితోపాటు సన్నటి తుంపర వస్తుంది. ఆ నీళ్లు బోరు నీళ్లైతే ఆరిన చోటల్లా తెల్లటి ఉప్పు పొర మిగులుతుంది. రెండు వేసవుల తర్వాత సాకెట్టు లోపలి రేకుల మీద పచ్చటి, తెల్లటి మచ్చలు కనిపిస్తే కారణం వెతుక్కోనక్కర్లేదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడిచి, పూర్తిగా ఆరాక పెట్టాలి. కూలర్ మోటారు, ల్యాప్‌టాప్ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద ఉండటం కూడా మంచిది కాదు. మోటారు ఆపిన ప్రతిసారీ వచ్చే వోల్టేజీ దెబ్బ అడాప్టర్ మీద పడుతుంది.

మే నెలలో బ్యాటరీ ఎందుకు మొండికేస్తుంది

ఈ ప్రాంతానికి సంబంధించి అన్నిటికన్నా ముఖ్యమైనది, దుకాణాల్లో అన్నిటికన్నా తక్కువగా అడిగేది వేడి గురించే. లిథియం సెల్స్‌ను 0 నుంచి 45 డిగ్రీల మధ్యనే ఛార్జ్ చేయాలన్నది తయారీదారులు సాధారణంగా పెట్టే హద్దు. కరెంటు వాడుకోవడానికి ఇంకా పై వేడి దాకా అనుమతి ఉంటుంది. ఎక్కించడానికి ఉండదు. ప్యాకు లోపల సెల్‌కు ఆనించి, వేడిని కనిపెట్టే చిన్న థర్మిస్టర్ ఉంటుంది. అది హద్దు దాటిందని చెప్పగానే బ్యాటరీ బోర్డు ఛార్జింగ్ ఆపించేస్తుంది. కొన్ని ప్యాకులు హద్దు రాకముందే కరెంటు తగ్గించేస్తాయి.

చంద్రపూర్‌లో మే నెలలో 45 దాటడం వింత కాదు. రేకుల ఇంట్లో మధ్యాహ్నం గదిలో 40, 42 ఉందనుకుంటే, నడుస్తున్న ల్యాప్‌టాప్ లోపల బ్యాటరీ దగ్గర అంతకన్నా ఎక్కువే ఉంటుంది. పరుపు మీద పెట్టి అడుగున గాలి దారులు మూసేస్తే చెప్పక్కర్లేదు. అప్పుడు ఛార్జింగ్ ఆగడం చెడిపోవడం కాదు, బ్యాటరీ తనను తాను కాపాడుకోవడం. తేల్చుకునే దారి సులువు. రాత్రంతా ఆపి ఉంచి, తెల్లవారుజామున అయిదింటికి చల్లటి గచ్చు మీద పెట్టి, ఆన్ చేయకుండా అడాప్టర్ తగిలించాలి. అప్పుడు ఎక్కి, మధ్యాహ్నం ఆగిపోతే బ్యాటరీ కొనాల్సిన పని లేదు. ఫ్యాను శుభ్రం చేయించి, హీట్‌సింకు పేస్టు మార్పించి, ఎండలు తగ్గేదాకా తెల్లవారుజామున ఎక్కించుకోవాలి. త్వరగా చల్లబరచాలని ఫ్రిజ్‌లో పెట్టేవాళ్లున్నారు. బయటికి తీయగానే బోర్డంతా చెమ్మ పట్టి, లేని జబ్బు వస్తుంది.

చలికాలం తెల్లవారుజామున కూడా ‘వేడి ఎక్కువ’ కారణంతోనే ఆగుతుంటే, చెడింది థర్మిస్టరే కావచ్చు. చవకరకం ప్యాకుల్లో దాన్ని సెల్‌కు ఆనించకుండా గాల్లో వదిలేయడం కూడా జరుగుతుంది. అది ఇంకా ప్రమాదం, ఎందుకంటే ఆగాల్సిన వేడిలో కూడా ఆగదు.

వేడితో ఇంకో నష్టం ఉంది. నూరు శాతం నిండిన సెల్ వేడిలో ఉంటే చాలా త్వరగా ముసలిదవుతుంది. ఎప్పుడూ అడాప్టర్ మీదే నడిచే సేవా కేంద్రాల ల్యాప్‌టాప్‌లకు ఏప్రిల్ నుంచి జూన్ దాకా 60 లేదా 80 హద్దు పెట్టి ఉంచడం కూలర్ కన్నా మేలు చేస్తుంది. పైన చెప్పిన కన్జర్వేషన్ మోడ్ అందుకే ఉంది.

లోపలి మెదడును ఒకసారి మరిపించడం

ఎంబెడెడ్ కంట్రోలర్ కొన్నిసార్లు తప్పుడు లెక్క పట్టుకుని వదలదు, ముఖ్యంగా కరెంటు వస్తూ పోతూ ఉన్న రోజుల్లో. షట్‌డౌన్ చేసి, అడాప్టర్ తీసి, బ్యాటరీ ఊడేదైతే ఊడదీసి, పవర్ బటన్‌ను 30 సెకన్లు గట్టిగా నొక్కి పట్టుకోవాలి. తర్వాత అడాప్టర్ పెట్టి ఆన్ చేయాలి. బ్యాటరీ లోపలే ఉండే కొన్ని లెనోవో మోడళ్లలో అడుగున సూది బెజ్జం ఉంటుంది. అందులో పేపర్ క్లిప్పు కొనతో నొక్కితే అదే పని జరుగుతుంది. డివైస్ మేనేజర్‌లో బ్యాటరీస్ కింద ఏసీపీఐ కంట్రోల్ మెథడ్ బ్యాటరీని అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేయమని అందరూ చెబుతారు. చేస్తే నష్టం లేదు, విండోస్ మళ్లీ తానే పెట్టుకుంటుంది. కానీ ఆపి ఉన్నప్పుడు కూడా ఎక్కని ల్యాప్‌టాప్‌కు దాంతో ఒరిగేదేమీ ఉండదు. విండోస్ ఆగి ఉన్నప్పుడు కూడా జరగని పనికి విండోస్‌ను తప్పుపట్టలేం.

బ్యాటరీని లెక్క అడగడం

ఇప్పుడు బ్యాటరీ వంతు. విండోస్‌లో స్టార్ట్ మీద రైట్ క్లిక్ చేసి టెర్మినల్ తెరిచి, పవర్‌సీఎఫ్‌జీ అని ఇంగ్లిషు అక్షరాల్లో (పి, ఓ, డబ్ల్యూ, ఈ, ఆర్, సి, ఎఫ్, జి) కొట్టి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి, బ్యాటరీరిపోర్ట్ అని కలిపి రాస్తే ఒక ఫైలు తయారవుతుంది. అది ఎక్కడుందో అక్కడే చూపిస్తుంది, బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. అందులో చూడాల్సినవి డిజైన్ కెపాసిటీ (కొత్తప్పుడు పట్టేది), ఫుల్ ఛార్జ్ కెపాసిటీ (ఇప్పుడు పట్టేది), సైకిల్ కౌంట్ (ఎన్నిసార్లు నిండి ఖాళీ అయిందన్న లెక్క). 11.4 వోల్టులు, 3600 మిల్లీ ఆంపియర్ అవర్ల ప్యాకు కొత్తగా ఉన్నప్పుడు దాదాపు 41,000 మిల్లీవాట్ అవర్లు చూపిస్తుంది. ఇప్పుడు 24,600 చూపిస్తే అరవై శాతం మిగిలినట్టు. అది పాతబడిన బ్యాటరీయే గానీ ఎక్కకపోవడానికి కారణం కాదు. ఫుల్ ఛార్జ్ కెపాసిటీ సున్నా అనో, బ్యాటరీ లేదు అనో చూపిస్తే ప్యాకు బోర్డు మాట్లాడటం మానేసినట్టు. అప్పుడు అడుగు మూత విప్పి, బ్యాటరీ కనెక్టర్‌ను ఒకసారి పీకి సరిగా బిగించి చూడటం ఆఖరి ఆశ.

సెలవులకు ముందు సున్నాకు దించేసి, రెండు మూడు నెలలు పెట్టెలో పెట్టిన ల్యాప్‌టాప్‌ది వేరే కథ. సెల్స్ వోల్టేజీ బాగా కిందికి జారిపోతుంది. అలాంటప్పుడు బ్యాటరీ బోర్డు ఒక్కసారిగా పూర్తి కరెంటు తీసుకోదు. సెల్ సుమారు 3 వోల్టులకు చేరేదాకా చాలా సన్నటి కరెంటే రానిస్తుంది. తెర మీద ఏమీ కదలదు. రెండు మూడు గంటలు ఆపి ఉంచి అడాప్టర్ పెట్టి వదిలేస్తే కొన్ని లేస్తాయి. అప్పటికీ లేవకపోతే సెల్స్ మరీ కిందికి పోయి ఉంటాయి, బోర్డు శాశ్వతంగా తలుపేసుకుని ఉంటుంది. దుకాణంలో ‘బయటి నుంచి కరెంటిచ్చి లేపుతాం’ అంటే ఒప్పుకోకూడదు. అంత కిందికి దిగిన సెల్‌లో రాగి కరిగి, మళ్లీ ఎక్కించేటప్పుడు లోపలే షార్టుకు దారి తీస్తుంది. పెట్టెలో పెట్టేటప్పుడు సగం ఛార్జింగ్‌తో పెడితే ఈ గొడవే రాదు.

మంచి అడాప్టర్, మంచి సాకెట్టు, మాట్లాడుతున్న బ్యాటరీ, చల్లటి వేళ, అయినా ఎక్కదు. అప్పుడు మిగిలింది బోర్డే. ఛార్జింగ్ చిప్పు, దాని ముందు కరెంటుకు స్విచ్చుల్లా పనిచేసే మాస్‌ఫెట్‌లు, కరెంటు కొలిచే చిన్న రెసిస్టర్, షార్టైన సెరామిక్ కెపాసిటర్, వీటిలో ఏదో ఒకటి. ఇది చిప్ లెవెల్ పని, అంటే బోర్డు మీది చిన్న భాగాన్ని వెతికి మార్చే పని. వెళ్లిన చోట ‘బోర్డు మార్చాలి’ అంటే, సాకెట్టు దగ్గర ఎన్ని వోల్టులున్నాయి, మొదటి మాస్‌ఫెట్ దాటాక ఎన్నున్నాయి అని అడగాలి. కొలిచినవాడు అంకె చెబుతాడు. కొలవనివాడు చెప్పలేడు. బోర్డు మార్చాలన్న మాట కొలిచినవాడి నోటివెంట వస్తేనే వినాలి.

కొత్త బ్యాటరీ కొనాల్సి వస్తే

ల్యాప్‌టాప్ మోడల్ పేరు చెప్పి కొనకూడదు. ఒకే మోడల్‌లో రెండు మూడు రకాల ప్యాకులు వస్తాయి. పాత బ్యాటరీ మీది పార్ట్ నంబరు, వోల్టేజీ, వాట్ అవర్లు ఫొటో తీసుకుని వెళ్లాలి. 11.1, 11.4 మూడు సెల్స్ వరుసవి. 14.8, 15.2 నాలుగు సెల్స్‌వి. ఈ రెండు రకాలూ ఒకదాని బదులు ఒకటి పనికిరావు, కనెక్టర్ సరిపోయినా సరే. చీటీ మీద ఐఎస్ 16046, ‘ఆర్’తో మొదలయ్యే బీఐఎస్ నంబరు ఉండాలి. తయారీ తేదీ చూడాలి. ఏళ్ల తరబడి అరలో పడున్న ప్యాకు కొత్త పెట్టెలో ఉన్నా పాతదే. పెట్టగానే సగమో, మూడో వంతో ఛార్జింగ్ చూపించాలి, సున్నా చూపిస్తే అక్కడే తిరిగిచ్చేయాలి. దుకాణం వదిలే ముందు బ్యాటరీ రిపోర్టు ఒకసారి తీయించి సైకిల్ కౌంట్, డిజైన్ కెపాసిటీ చూసుకోవడానికి రెండు నిమిషాలు చాలు. వారంటీ ఉందో లేదో ముందే చూసుకోవాలి. ల్యాప్‌టాప్‌కు మూడేళ్లున్నా బ్యాటరీకి చాలాసార్లు ఏడాదే ఉంటుంది.

టచ్‌ప్యాడ్ పైకి లేచినా, క్లిక్ పడకపోయినా, అడుగు మూత ఉబ్బి బల్ల మీద ల్యాప్‌టాప్ ఊగుతున్నా, పై పరీక్షలేవీ అక్కర్లేదు. అడాప్టర్ తీసేయాలి, ఆపేయాలి, మళ్లీ ఎక్కించకూడదు. ఉబ్బిన ప్యాకును నొక్కడం, గాలి పోవాలని గుచ్చడం అంటే నిప్పుతో ఆడటమే. తీయించాక పొడి ఇసుక వేసిన ఇనుప డబ్బాలో, ఇంటి బయట, నీడలో పెట్టాలి. బస్సులో, రైల్లో సంచిలో వేసుకుని వేరే ఊరు మోసుకెళ్లకూడదు, కొరియర్‌లో వేయకూడదు. చెత్తబండిలోనూ వేయకూడదు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలను తిరిగి సేకరించాల్సిన బాధ్యత వాటిని మార్కెట్లోకి తెచ్చిన కంపెనీలది. కొత్తది కొన్న దుకాణంలోనే పాతదాన్ని తీసుకుంటారా అని బేరానికి ముందే అడిగి పెట్టుకోవాలి.